25 జీబీ డిస్కులో 20 జీబీయే రాశాను

పెట్టె దించి లెక్కపెడితే 178 డిస్కులు తేలాయి. 137 సీడీలు, 41 డీవీడీలు. 2003 నుంచి 2012 దాకా కంప్యూటర్ నిండినప్పుడల్లా బర్న్ చేసి, పైన మార్కర్‌తో తేదీ రాసి, అందులో పడేసినవి. ఆ తర్వాత వాటి జోలికి పోలేదు. మొన్నొకసారి ఒక పాత ఫోటో కావాల్సి వచ్చి 2004 నాటి సీడీ డ్రైవ్‌లో పెట్టాను. గిర్రున తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది, చివరికి స్క్రీన్ మీద "డిస్కు పెట్టండి" అని వచ్చింది. పెట్టానుగా మహాతల్లీ అనుకున్నాను. టెన్షన్ అప్పుడు మొదలైంది. ఒకటి పోయిందంటే మిగతా 177 సంగతేమిటి?

ఆ సీడీని ట్యూబ్‌లైటుకి ఎదురుగా పట్టుకుని చూశాను. అద్దంలా ఉండాల్సిన చోట సూదితో పొడిచినట్టు నాలుగైదు చుక్కల్లోంచి వెలుగు వస్తోంది. పై అంచు దగ్గర గోరంత మేర వెండిపొర లేచిపోయింది. కింది వైపు మాత్రం ఒక్క గీత లేదు. ఇన్నేళ్ళూ నేను జాగ్రత్తపడింది కింది వైపు గురించే! సీడీలో అటువైపు 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ కవచం ఉంటుంది. గీతలు పడినా డ్రైవ్ చాలావరకు చదవగలుగుతుంది. సమాచారం ఉండే పొర పైన, మనం పేరు రాసే వైపు, పల్చటి లక్క పూత కిందే ఉంటుంది. ఒకప్పుడు నీటుగా ఉంటుందని కాగితం స్టిక్కర్లు అంటించిన సీడీలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకదాని స్టిక్కరు ఊడదీయబోతే వెండిపొర కూడా దాంతోపాటే వచ్చేసింది. మిగతా వాటిని ముట్టుకోలేదు, స్టిక్కరుతోనే చదివించాను.

అన్నిటినీ ముందు హార్డ్‌డిస్కులోకి దించడం మూడు వారాల పని అయింది. బాగున్నవి నిమిషాల్లో అయిపోయాయి. మొరాయించిన వాటికి డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ వాడాను. అది తేలిగ్గా వచ్చే భాగాలన్నీ ముందు లాగేసి, రానివాటిని చిట్టాలో రాసుకుని, తర్వాత వాటి వెంట పడుతుంది. ఆ చిట్టా ఉండటం వల్ల అదే డిస్కుని రేపు ఇంకో డ్రైవ్‌లో పెట్టి, మిగిలిన ముక్కల కోసం మాత్రమే ప్రయత్నించొచ్చు. నా దగ్గర రెండు డ్రైవులున్నాయి. కొత్తది చేతులెత్తేసిన డిస్కులు పాతదాంట్లో చక్కగా చదివాయి. పాతది వద్దన్నవి కొన్ని కొత్తదాంట్లో నడిచాయి. ఎందుకంటే ఏం చెప్పను, ఒక్కో డ్రైవ్ లేజర్‌కి ఒక్కో చూపు. రాత అనేది లోపలి నుంచి బయటి అంచుకి సాగుతుంది కాబట్టి, నిండా నింపిన డిస్కుల్లో చివరి ఫైళ్ళే ఎక్కువ ఏడిపించాయి. సగమే నింపినవి దాదాపు అన్నీ బతికి ఉన్నాయి. ఇది గుర్తుపెట్టుకున్నాను, తర్వాత పనికొచ్చింది.

దించగా, ఒకే ఫైలు రెండు మూడు చోట్ల ఉన్నవి తీసేయగా 168 జీబీ మిగిలింది. హార్డ్‌డిస్కులో ఒక కాపీ ఉంది కదా, మళ్ళీ డిస్కులెందుకని అడగొచ్చు. ఒకసారి రాసిన డిస్కుని పొరపాటున చెరపలేం, వైరస్ కూడా ముట్టుకోలేదు. రెండో కాపీకి నాకు అదే నచ్చింది.

ఇక ఎన్ని డిస్కులు కావాలన్న లెక్క. డీవీడీ తర్వాత తరం డిస్కు బ్లూరే, ఒక పొరది 25 జీబీ, కాబట్టి ఏడు చాలు అనుకున్నాను. మొదటి డిస్కుకి సరిగ్గా 25 జీబీ ఫోల్డరు తయారు చేసి పెడితే స్థలం చాలదంది. ఇక్కడో తిరకాసు ఉంది. సీడీ మీద 700 ఎంబీ అని రాస్తే కంప్యూటర్ కూడా 700 అనే చూపిస్తుంది, ఎందుకంటే అది కంప్యూటర్ వాడే 1024ల లెక్కలో (1024 కేబీ ఒక ఎంబీ, 1024 ఎంబీ ఒక జీబీ) చెప్పిన అంకె. డీవీడీ నుంచి కంపెనీలు వెయ్యి లెక్కకి మారాయి. అందుకే 4.7 కాస్తా మన కంప్యూటర్‌లో 4.38 అవుతుంది, బ్లూరే 25 కాస్తా 23.3 అవుతుంది. మోసం అనలేం గానీ, చేతికొచ్చే సరికి తరుగు తప్పదు.

ఇంత తలనొప్పి ఎందుకు, బీడీఎక్స్ఎల్ ఉందిగా అనుకున్నాను. 2010లో వచ్చిన రకం. మూడు పొరల్లో 100 జీబీ, నాలుగు పొరల్లో 128 జీబీ. రెండు డిస్కుల్లో పని ముగుస్తుంది. 100 జీబీ డిస్కు తెచ్చి డ్రైవ్‌లో పెట్టాను. మళ్ళీ "డిస్కు పెట్టండి"! డిస్కుది తప్పనుకుని ఇంకోటి విప్పాను. అదీ అంతే. చివరికి డ్రైవ్ ముందు భాగం మీద చూస్తే బ్లూరే గుర్తు ఉంది గానీ ఎక్స్ఎల్ అన్న అక్షరాలు లేవు. మామూలు బ్లూరే డ్రైవులకి రెండు పొరల దాకానే లెక్క. డిస్కు ప్యాకెట్ విప్పకముందు చూసుకోవాల్సింది. పోనీ కొత్త డ్రైవ్ కొందామా అనుకుని ఆలోచించాను. నాలుగు రెట్ల వేగంతో రాసినా ఒక్కో డిస్కుకి గంటన్నర. అది చివరి పొరలో తప్పితే గంటన్నరా పోతుంది, డిస్కూ పోతుంది. ఒక డిస్కు పాడైతే నా సరుకులో సగం పోతుంది. వద్దనుకున్నాను.

అయినా ఈ సామర్థ్యం వంద దగ్గరే ఎందుకు చతికిలపడిందన్న సందేహం మాత్రం పీకుతూనే ఉంది. డిస్కు మీద లేజర్ ఎంత చిన్న చుక్క వేయగలదన్నది రెండింటి మీద ఆధారపడుతుంది: కాంతి తరంగదైర్ఘ్యం, లెన్స్ పట్టు (కాంతిని ఎంత వెడల్పు కోణం నుంచి ఒక చుక్కలోకి కుదించగలదన్న అంకె). మొదటిది తగ్గినా, రెండోది పెరిగినా చుక్క చిన్నదవుతుంది. సీడీకి 780 నానోమీటర్ల పరారుణ కాంతి, డీవీడీకి 650 ఎరుపు, బ్లూరేకి 405 నీలిఊదా. లెన్స్ పట్టు 0.45 నుంచి 0.60కి, అక్కడి నుంచి 0.85కి పెరిగింది. కాగితం మీద వేసి చూస్తే సీడీ నుంచి బ్లూరేకి చుక్క వైశాల్యం 13 రెట్లు తగ్గింది. సామర్థ్యం మాత్రం 34 రెట్లు పెరిగింది. మిగతాదంతా తప్పులు దిద్దే సంకేతాల్లో, ట్రాకుల మధ్య వృథా తగ్గించడంలో పిండుకున్నదే. ఇంకా పిండాలంటే ఏముంది? 405 కంటే కిందికి దిగితే అతినీలలోహిత కాంతి. దాన్ని డిస్కు చేసే మామూలు పాలీకార్బొనేట్ ప్లాస్టిక్కే మింగేయడం మొదలుపెడుతుంది. లెన్స్ పట్టు గాలిలో 1 దాటదు. అందుకే పొరలు పేర్చే దారి పట్టారు. అక్కడా కష్టమే, లేజర్ అడుగు పొరని చేరాలంటే పై పొరలన్నీ సగం అద్దంగా, సగం కిటికీగా ఉండాలి. పేర్చేకొద్దీ కిందికి చేరే కాంతి, తిరిగొచ్చే కాంతి రెండూ తగ్గిపోతాయి.

మరి కొన్నాళ్ళు ఆగితే? ఆ ప్రశ్నతో నాలుగు రోజులు పోగొట్టుకున్నాను, కానీ ఆసక్తిగానే గడిచాయి. హోలోగ్రాఫిక్ డిస్కులు వస్తున్నాయని నేను మొదటి సీడీ బర్న్ చేసిన రోజుల నుంచీ వింటున్నాను. 300 జీబీ హోలోగ్రాఫిక్ డిస్కు తెస్తామన్న ఇన్‌ఫేజ్ సంస్థ 2010లో మూతపడింది. సోనీ, పానసోనిక్ కలిసి 2014లో ప్రకటించిన ఆర్కైవల్ డిస్క్ 300 జీబీతో మొదలై 1 టీబీకి (అంటే వెయ్యి జీబీకి) వెళ్తామంది, అయితే అది మొదటి నుంచీ పెద్ద సంస్థల కోసమే. గాజు కథ ఇంకా బాగుంటుంది. సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు అతి తక్కువ నిడివి లేజర్ మెరుపులతో గాజు లోపల చుక్కలు చెక్కి, చుక్క ఉన్న చోటుతోపాటు దాని వాలు, పరిమాణం కూడా సమాచారంగా వాడుకుంటారు. ఒక్క పలకలో 360 టీబీ దాకా పట్టొచ్చని వాళ్ళ అంచనా. మైక్రోసాఫ్ట్ 2019లో ఇలాంటి పద్ధతిలోనే 1978 నాటి సూపర్‌మ్యాన్ సినిమాని అరచేతిలో పట్టే గాజు పలకలో దాచింది. 75.6 జీబీ. 2024లో షాంఘై పరిశోధకులు నేచర్ పత్రికలో డీవీడీ సైజు డిస్కుకి వంద పొరలు, 1.6 పెటాబిట్లు సాధ్యమని చూపించారు. అంటే దాదాపు 200 టీబీ. నా పెట్టె లాంటివి వెయ్యి పెట్టెలు అందులో పడతాయి!

కానీ ఇవన్నీ ప్రయోగశాల బల్ల మీదివి. రాయడానికి ఖరీదైన లేజర్లు, చదవడానికి సూక్ష్మదర్శిని లాంటి ఏర్పాట్లు కావాలి. మన బల్ల మీది డ్రైవ్‌లో పెట్టే రోజు కనుచూపు మేరలో లేదు. పైగా ఉన్నవే తగ్గుతున్నాయి. సోనీ 2025 ఫిబ్రవరిలో రాసుకునే బ్లూరే డిస్కుల తయారీ ఆపేసింది. ఆ వార్త చదివాక ఇక ఆగలేదు.

25 జీబీవే తీసుకున్నాను. ప్యాకెట్ మీద ఎల్‌టీహెచ్ అని ఉన్నవి పక్కన పెట్టాను. వాటిలో పాత సీడీల్లో లాగే సేంద్రియ రంగు ఉంటుంది, నాకు దానితో ఒకసారి అయిన అనుభవం చాలు. మిగతా వాటిలో రాసే పొర లోహ సంబంధమైనది. 23.3లో బయటి అంచు కోసం జీబీకి పైగా ఖాళీ వదిలేశాను, సగం నింపిన సీడీలు నేర్పిన పాఠం. రెండు జీబీ పార్2 ఫైళ్ళకి ఇచ్చాను. డిస్కులో కొంత భాగం చెడినా, ఆ మేరకు వాటి నుంచి తిరిగి కట్టుకోవచ్చు. అసలు సరుకు 20 జీబీ. అలా తొమ్మిది డిస్కులు, రెండు జతలు, మొత్తం పద్దెనిమిది. ఒక్కోటి రాయడానికి ఇరవై నిమిషాల పైన, రాసింది సరిపోల్చడానికి మరో అంత. రెండు వారాంతాలు పట్టింది. ఒక డిస్కు సరిపోల్చేటప్పుడు తేడా చూపించింది, దాన్ని పారేసి మళ్ళీ రాశాను. సరిపోల్చకుండా మూత పెట్టి ఉంటే అది తెలిసేదే కాదు.

178లో 171 పూర్తిగా వచ్చాయి. అయిదింటిలో కొన్ని ఫైళ్ళు పోయాయి. రెండు అసలే రాలేదు: స్టిక్కరు ఊడదీసినది ఒకటి, మొదట పెట్టిన 2004 నాటి సీడీ ఇంకొకటి. ఆ సీడీలో నేను వెతికిన ఫోటో తర్వాత ఒక డీవీడీలో దొరికింది, ఎవరికో మెయిల్‌లో పంపడానికి చిన్నది చేసి పెట్టుకున్న కాపీ. 640 బై 480, మొత్తం 48 కేబీ. పెద్దది చేస్తే ముఖాలు గళ్ళు గళ్ళుగా కనిపిస్తున్నాయి. అది ఇప్పుడు నాలుగో నంబరు డిస్కులో ఉంది.