68వ మ్యాచ్

ఆదివారం, మార్చి

పొద్దున వాకిట్లో మంచు ఎత్తిపోస్తుంటే పక్కింటి గరాజులో ఆ అబ్బాయి ఐస్ హాకీ కర్రకు నల్ల టేపు చుట్టుకుంటూ కనిపించాడు. ఒక్క ముడత పడ్డా విప్పి మళ్లీ మొదలుపెడతాడు. ఆపైన మైనం రుద్దుతాడు. కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో మా ఊరు స్విఫ్ట్ కరెంట్. అతను ఆడే మా ఊరి జట్టు స్విఫ్ట్ కరెంట్ బ్రాంకోస్‌కు లీగ్ దశలో ఈ సాయంత్రంతో 68 మ్యాచ్‌లూ పూర్తి.

పక్కింటి అబ్బాయి అనడమే గానీ వాళ్లకేమీ కాడు. పక్క రాష్ట్రం ఆల్బర్టాలో ఒక పల్లెటూరివాడు. ఈ జట్టు ఆడే జూనియర్ కుర్రాళ్ల లీగ్ అయిన వెస్టర్న్ హాకీ లీగ్ జట్లు 15 ఏళ్లు నిండే ఏడాదిలోనే పిల్లలను ఎంచుకుంటాయి. ఊళ్లోని కుటుంబాలు గది ఇచ్చి, అన్నం పెట్టి, బడికి పంపుతాయి. ఇంటర్ పిల్లలను హాస్టళ్లలో కుక్కే పద్ధతి చూసి పెరిగిన దాన్ని కాబట్టి నాకిది ఎంతో నయమనిపిస్తుంది. పక్కింటావిడ మాత్రం ఒప్పుకోదు. "మొదటి ఏడాది వాళ్లమ్మతో ఫోనులో మాట్లాడిన రోజు భోజనానికి కూడా గదిలోంచి వచ్చేవాడు కాదు" అంటుంది.

సగం మ్యాచ్‌లు పరాయి ఊళ్లలోనే, ఎక్కువగా బస్సు ప్రయాణాలే. రాత్రి ఆట ముగించుకుని బయలుదేరితే ఇల్లు చేరేసరికి తెల్లవారుతుంది. ఈ ఊళ్లో బస్సు అంటే ఉత్త బస్సు కాదు. 1986 డిసెంబరు 30న రెజైనా నగరానికి వెళుతూ మంచు పేరుకున్న రోడ్డు మీద జట్టు బస్సు అదుపు తప్పింది. నలుగురు ఆటగాళ్లు పోయారు. 1989లో ఇదే జట్టు జూనియర్ హాకీలో పెద్ద బహుమతి అయిన మెమోరియల్ కప్ గెలిచింది. 2018లో ఇదే రాష్ట్రంలో, వేరే జూనియర్ లీగ్‌లో ఆడే హంబోల్ట్ జట్టు బస్సు ప్రమాదంలో 16 మంది చనిపోయారు. గాలి ఎక్కువగా ఉన్న రాత్రుల్లో బస్సు వచ్చేదాకా పక్కింటి వరండాలో లైటు ఆర్పరు.

సాయంత్రం ఐస్ రింక్‌కు వెళ్లాం. స్కోరు రాయబుద్ధి కావడం లేదు. రెండో పీరియడ్‌లో మావాడు దూసుకొస్తున్న పక్‌కు కాలు అడ్డుపెట్టాడు. ముందే గడ్డకట్టించిన రబ్బరు బిళ్ల అది, ఆ చప్పుడు పై వరుసలో కూర్చున్న మాకూ వినిపించింది. కుంటుతూ బెంచీకి చేరి, తన వంతు రాగానే మళ్లీ దిగాడు. ఇంత మొండితనం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అతనికి 20 ఏళ్లు. ఒక జట్టులో ఆ వయసువాళ్లు ముగ్గురికి మించి ఉండకూడదు, వచ్చే ఏడాదికి ఆ చోటు కూడా దక్కదు. ఎన్‌హెచ్‌ఎల్ అనే పెద్ద ప్రొఫెషనల్ లీగ్ దాకా వెళ్లేవాళ్లు కొద్దిమందే. అయితే ఆడిన ప్రతి సీజనుకూ ఒక ఏడాది చదువు ఖర్చు ఇచ్చే ఏర్పాటు ఉంది. సస్కటూన్‌లో వ్యవసాయ డిగ్రీకి దరఖాస్తు పెట్టాడట.

ఆగస్టులో ఆ గదిలోకి ఎవరో పదహారేళ్లవాడు వస్తాడు. గోల్‌కీపర్‌ను మాత్రం పంపవద్దని పక్కింటావిడ జట్టువాళ్లకు ముందే చెప్పేసింది. వాళ్ల ప్యాడ్లు ఆరబెట్టడానికి గరాజు చాలదట.