ప్రోస్టేట్‌కి ఆవిరి చికిత్స: 9 సెకన్ల పని, 3 నెలల ఓపిక

మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రానికి అడ్డుపడి, మాత్రలతో లాభం లేదనగానే చాలామందికి టీయూఆర్‌పీయే గుర్తొస్తుంది. మత్తిచ్చి, మూత్రనాళంలోంచి పరికరం పంపి, అడ్డుపడుతున్న కణజాలాన్ని లోపలే చెక్కి తీసేయడం. మంచి ఆపరేషనే. కాకపోతే ఆ తర్వాత ఎక్కువమందిలో వీర్యం బయటికి రాక మూత్రాశయంలోకి వెళ్లిపోతుంది. అది వద్దనుకునేవాళ్లకూ, పూర్తి మత్తు తట్టుకోలేనివాళ్లకూ పనికొచ్చేవాటిలో నీటి ఆవిరి చికిత్స ఒకటి. రెజూమ్ అనే ఈ పద్ధతికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి 2015లో వచ్చింది.

కోత ఉండదు. కెమెరా ఉన్న పరికరం మూత్రనాళంలోకి వెళ్తుంది. దాని కొసలోంచి సుమారు 10 మిల్లీమీటర్ల సూది పక్కకు దూసుకొచ్చి ప్రోస్టేట్‌లో దిగుతుంది. సూది చుట్టూ ఉన్న సన్నటి రంధ్రాల్లోంచి 9 సెకన్లపాటు ఆవిరి వెళ్తుంది. ఒక్కో పోటుకి సుమారు అర మిల్లీలీటరు నీరు చాలు. ఆవిరి కణాల సందుల్లోకి చొరబడి, తిరిగి నీరయ్యేటప్పుడు తన వేడినంతా అక్కడే వదిలేస్తుంది. దాదాపు 70 డిగ్రీల వేడికి ఆ కణాలు చచ్చిపోతాయి. మూత్రాశయం ముఖానికి సెంటీమీటరు కింద మొదలుపెట్టి, సెంటీమీటరుకొకటి చొప్పున రెండువైపులా గుచ్చుకుంటూ వస్తారు. మూత్రాన్ని పట్టి ఉంచే కండరం దాకా రాకముందే ఆపాలి. మామూలుగా వైపుకి 1 నుంచి 3 పోట్లు, మొత్తం కొద్ది నిమిషాల పని.

అసలు ఓపిక ఆ తర్వాత కావాలి. కాలిన భాగం ముందు వాస్తుంది. అందువల్ల దారి మరింత బిగుస్తుంది కాబట్టి మూత్రం పోవడానికి గొట్టం (క్యాథెటర్) పెట్టి పంపుతారు. చాలామందికి 3 నుంచి 7 రోజులు ఉంటుంది. తీసేశాక కొన్ని వారాలు మంట, మూత్రం ఆపుకోలేకపోవడం, మూత్రంలో ఎర్రజీర మామూలే. చచ్చిన కణజాలాన్ని శరీరం మెల్లగా పీల్చేసుకోవాలి. రెండు వారాల నుంచి తేడా మొదలై, పూర్తి ఫలితం 3 నెలలకి తెలుస్తుంది. ఈ సంగతి ముందే విడమరిచి చెప్పకపోతే, రెండో వారంలోనే ‘పని చెయ్యలేదు’ అని రోగి బెంగపడిపోతాడు.

30 నుంచి 80 సీసీల ప్రోస్టేట్ ఉన్నవాళ్లపై జరిగిన అధ్యయనంలో 5 ఏళ్లలో మళ్లీ ఆపరేషన్ అవసరమైనవాళ్లు 4.4 శాతం. గ్రంథి మధ్య భాగం (మధ్య లోబ్) పెరిగినా చెయ్యొచ్చు. గ్రంథిని దారాలతో పక్కకి లాగి కట్టే యూరోలిఫ్ట్‌కి క్యాథెటర్ బాధ తక్కువే గానీ, మధ్య లోబ్ పెద్దదైతే అది అంత అనువు కాదు. గ్రంథి 80 సీసీలు దాటితే రక్తనాళాన్ని మూసే ఎంబోలైజేషన్, లేజర్‌తో తీసే హోలెప్ గురించి అడగాలి.

స్కాన్‌లో సైజు ఒక్కటే చూసి ఏ పద్ధతికీ ఒప్పుకోవద్దు. మూత్రధార వేగాన్ని కొలిచే యూరోఫ్లో పరీక్షలో కనీసం 150 మిల్లీలీటర్లు పోస్తేనే ఆ అంకెకి విలువ. గరిష్ఠ వేగం సెకనుకి 10 మిల్లీలీటర్లలోపు ఉంటే అడ్డు ఉండే అవకాశం ఎక్కువే. అయితే మూత్రాశయం నీరసించినా ధార అలాగే సన్నబడుతుంది. ఏళ్ల తరబడి షుగర్ ఉండి, పోశాక కూడా లోపల బాగా మిగిలిపోతుంటే మూత్రాశయం బలాన్ని కొలిచే యూరోడైనమిక్స్ పరీక్ష చేయించాలి. నెట్టే బలమే లేనప్పుడు దారి వెడల్పు చేసి లాభమేముంది? ప్రోస్టేట్‌ని కుదించే ఫినాస్టెరైడ్ మాత్ర ఆర్నెల్లుగా వాడుతుంటే, ప్రోస్టేట్ క్యాన్సర్‌ని అనుమానించడానికి చేసే రక్తపరీక్ష పీఎస్‌ఏ అంకె సగానికి పడిపోతుంది. ఆ సంగతి డాక్టరుకి చెప్పకపోతే క్యాన్సర్ అనుమానం కళ్లుగప్పుతుంది. యూరిన్ కల్చర్‌లో ఇన్ఫెక్షన్ ఉంటే ముందు అది తగ్గాలి. రక్తం గడ్డకట్టకుండా వాడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి ఆపాలో వద్దో గుండె డాక్టరునీ కలిపి తేల్చుకోవాలి, సొంతంగా ఆపకూడదు.

క్యాథెటర్ పొద్దున్నే తీయించుకోండి. మధ్యాహ్నానికల్లా మూత్రం రాకపోతే ఆసుపత్రి తెరిచి ఉండగానే మళ్లీ పెట్టించుకోవచ్చు. ఇంటికెళ్లేముందు లోపల ఎంత మిగిలిందో స్కాన్‌లో చూడమనండి. ముక్కు దిబ్బడకి వాడే సూడోఎఫెడ్రిన్, ఫినైలెఫ్రిన్ ఉన్న జలుబు మాత్రల జోలికి వెళ్లొద్దు. అవి మూత్రాశయం ముఖాన్ని బిగించేస్తాయి. చలిజ్వరం వచ్చినా, మూత్రంలో రక్తపు గడ్డలు పడినా, మూత్రం బిగిసినా తెల్లారేదాకా ఆగకూడదు. 3 నెలలకి మళ్లీ యూరోఫ్లో చేయిస్తారు, పాత కాగితాన్ని కూడా పట్టుకెళ్లండి.