పూలు చెత్త అవుతాయా?

ఏప్రిల్‌లో ఒక రోజు మావాడు స్కూల్ నుంచి వచ్చి, షూ కూడా విప్పకుండా అడిగాడు. "అమ్మా, మనం చెరువులో చెత్త వేస్తామా?"

ఏప్రిల్ 22 ఎర్త్ డే. ఆ వారం క్లాసులో, మీ ఇంట్లో ప్రకృతితో ముడిపడిన పండుగ ఉంటే దాని గురించి రాయమన్నారట. వీడు బతుకమ్మ గురించి రాశాడు. పూలు పేరుస్తాం, చుట్టూ తిరిగి పాడతాం, నీళ్లలో వదులుతాం అని చదివితే, పక్క సీటు పిల్ల "అది లిట్టరింగ్ కదా" అందట. లిట్టర్ అనే మాట వాళ్లు ఆ వారమే నేర్చుకున్నారు. వీడు ఏమీ చెప్పలేక కూర్చున్నాడు.

మేం న్యూజెర్సీ వచ్చేటప్పటికి వాడికి ఏడేళ్లు. స్కూల్లో చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక ఫారం ఇస్తారు. తెలుగు అని రాశాను. అలా రాస్తే ఈఎస్ఎల్, అంటే ఇంగ్లీషును రెండో భాషగా నేర్పే క్లాసులో వేస్తారని తెలిసినవాళ్లు మందలించారు. వేశారు. నిజానికి వాడికి అదే మంచిదైంది. ఆ టీచర్ పండుగలు పట్టుకుని ఇంగ్లీషు నేర్పింది. అక్టోబర్‌లో హాలోవీన్ గుమ్మడికాయ, నవంబర్‌లో థాంక్స్‌గివింగ్ టర్కీ కోడి, ఫిబ్రవరిలో హృదయం గుర్తు కార్డులు, ఏప్రిల్‌లో నేల, నీళ్లు, చెత్త. రీయూజబుల్, అంటే మళ్లీ మళ్లీ వాడుకునేది అనే మాట మాత్రం నా దగ్గరే నేర్చుకున్నాడు. 2022 మే నుంచి ఇక్కడి పెద్ద కిరాణా షాపుల్లో బిల్లు దగ్గర ప్లాస్టిక్ సంచి ఇవ్వరు. నేను ప్రతిసారీ గుడ్డసంచి కారులో మర్చిపోయి వెనక్కి పరుగెత్తేదాన్ని.

ఇంట్లో తెలుగే మాట్లాడండి, దానివల్ల ఇంగ్లీషు వెనకబడదు అని ఆ టీచర్ మొదటి మీటింగులోనే చెప్పింది. తల ఊపి వచ్చాను. చలికాలం చివర్లో ఈఎస్ఎల్ పిల్లలకు వినడం, చదవడం, మాట్లాడటం, రాయడం నాలుగింట్లో పరీక్ష ఉంటుందని తెలిశాక నాకు టెన్షన్ పట్టుకుంది. రెండు నెలలు వాడితో ఇంగ్లీషులోనే మాట్లాడాను. "పెరుగన్నం కలిపాను, తిను బిడ్డా" అనాల్సిన చోట "ఫినిష్ యువర్ రైస్" అన్నాను. పరీక్ష అయిపోగానే తెలుగులో మాట్లాడవేం అని వాడినే కోప్పడ్డాను. నాయనమ్మ ఫోన్‌లో అడిగినదానికి వాడు ఇంగ్లీషులో జవాబిచ్చిన రోజు ఫోన్ లాక్కున్నాను కూడా. ఆ రోజు వాడి మొహం నాకింకా గుర్తుంది.

మొదటి అక్టోబర్‌లో గుమ్మడికాయ తెచ్చాడు. కళ్లూ నోరూ చెక్కి గుమ్మం ముందు పెట్టాం. నవంబర్‌కల్లా కుళ్లి, కూలి, నీరు కారింది. దాన్ని చెత్తబుట్టలో వేస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. మా ఇంట్లో గుమ్మడికాయ కోస్తే పులుసు, గింజలు ఎండబెడితే పిల్లల చిరుతిండి, ఆకులు బతుకమ్మ అడుగున, పువ్వు పైన గౌరమ్మ. మరుసటేడు చెక్కక ముందే సగం కోసి పులుసు పెట్టాను. చెక్కడానికి పెంచే రకం కదా, పీచూ నీళ్లూ తప్ప రుచి లేదు. "ఇది తినడానికి కాదమ్మా" అన్నాడు వాడు. వాడు చెప్పిందే నిజమైంది. నాకు మాత్రం మింగుడు పడలేదు.

ఇప్పుడు వాడి ప్రశ్నకు ఏం చెప్పాలి? ఆ పూలు నీళ్లను శుభ్రం చేస్తాయనే వాట్సాప్ మాట నోటిదాకా వచ్చింది. నీకెలా తెలుసు అని అడుగుతాడు, నా దగ్గర జవాబు లేదు. నాయనమ్మకు ఫోన్ చేశాం. "పువ్వు నీళ్లల్ల కరిగిపోతది బిడ్డా, చెత్త ఎట్లయితది?" అంది. వాడు ఊరుకోలేదు. "ఎన్ని పూలు? చెరువు ఎంత పెద్దది?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే. చిన్న కుంటలో ఊరంతటి పూలు ఒక్కసారిగా కుళ్లితే నీళ్లలో ఆక్సిజన్ తగ్గి చేపలకు ఊపిరాడదు. అది చెప్పాను.

తర్వాత వాడు నా ఫోన్ తీసి, పోయినేడాది ఫోటో చూపించాడు. థర్మకోల్ దిమ్మెకు గుచ్చిన ప్లాస్టిక్ పూలు. హాల్లో ఆడి, గాలి నింపిన నీళ్లతొట్టిలో ఒక నిమిషం ఉంచి, తీసి, గరాజ్‌లో పెట్టాం. దిమ్మె విరిగితే చెత్తలో పడేశాం. తంగేడు దొరకదు, టైం లేదు అని నాకు నేను చెప్పుకున్న మాటలు వాడికి చెప్పలేకపోయాను. "నాయనమ్మది చెత్త కాదు. మనదే చెత్త" అన్నాను.

తొమ్మిది రోజుల పేర్లు అడిగితే చెప్పాను. ఎంగిలిపూలు, అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు... ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు నైవేద్యం ఉండదు. "అలగడం అంటే యాంగ్రీనా?" అన్నాడు. కాదన్నాను. "శాడ్?" అదీ కాదు. ఫోన్ లాక్కున్న రోజు నువ్వు నాతో మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకున్నావే, అది అన్నాను. వాడు కాసేపు ఏమీ అనలేదు.

మర్నాడు వాడి పేపర్లో చివర ఒక వాక్యం కొత్తగా కనిపించింది. ఈ ఏడు మేం నిజం పూలతో చేస్తాం అని ఇంగ్లీషులో రాశాడు. నన్ను అడగలేదు.

మే నెలలో మంచు భయం పోయాక నర్సరీకి వెళ్లాం. బంతి నారు తీసుకున్నాం. పక్క వరుసలో తెల్లటి, గులాబీరంగు కంకులున్న మొక్కలు. వాడు చీటీ చదివాడు, "సె-లో-షి-యా". నేను దగ్గరికెళ్లి కంకిని వేళ్ల మధ్య పట్టుకుని చూశాను. గునుగు. మా చేలల్లో కలుపుగా పెరిగే, బతుకమ్మలో పేర్చే గునుగు. "వాడి పేపర్లో రాసినట్టు చేద్దామా?" అని మా ఆయనను అడిగేలోపే వాడు ఆరు కుండీలు బండిలో పెట్టేశాడు.