వర్తమానం కనబడని భవిష్యద్ద్రష్ట

వేదాహం సమతీతాని వర్తమానాని చార్జున ।
భవిష్యాణి చ భూతాని మాం తు వేద న కశ్చన ॥

గడచినవాటిని, ఇప్పుడున్నవాటిని, రాబోయేవాటిని తాను ఎరుగుదుననీ, తనను మాత్రం ఎవ్వరూ ఎరుగరనీ గీత 7వ అధ్యాయం 26వ శ్లోకంలో భగవానుడు అర్జునునితో అంటున్నాడు. పారాయణలో నా మనస్సు చాలాకాలం ‘భవిష్యాణి’ అన్న పదం దగ్గరే నిలిచిపోయేది. రేపటిని చూడగలగడమే దైవలక్షణమని నేను నమ్మాను.

‘వర్తమానాని’ అన్న పదం బరువు నాకు తెలిసింది మాత్రం వార్‌హామర్ 40,000 అనే ఆట కథల్లో కైరోస్ ఫేట్‌వీవర్ గురించి చదివినప్పుడు. మాయకూ మార్పుకూ అధిపతియైన జీంచ్ అనే దేవతకు అతడు సేవకుడు, రెండు తలల పిశాచం. జీంచ్ అతణ్ని నిత్యత్వపు బావిలో పడవేయగా, ఒక తలకు భూతకాలాన్ని, మరొక తలకు భవిష్యత్తును చూసే శక్తి వచ్చింది. ఎదుటనున్న క్షణం మాత్రం రెండింటికీ మరుగైపోయింది. ప్రశ్న అడిగితే రెండు తలలూ బదులిస్తాయి, ఒకటి సత్యం, ఒకటి అసత్యం, రెండూ ఒకే నిబ్బరంతో. కన్నీటితో ముందు నిలిచినవాడిని చూడలేని ఆ సర్వజ్ఞతకు మనం ఎట్లా నమస్కరించగలం?

శ్లోకంలోని చివరి పాదాన్ని స్టార్‌క్రాఫ్ట్ 2 అనే కంప్యూటర్ ఆట నాకు మరింత దగ్గర చేసింది. 2010లో వచ్చిన భాగంలో జెరటూల్ అనే యోధుడికి, మరణించిన మిత్రుడు టసాడార్ రూపం ప్రత్యక్షమై రాబోయే వినాశాన్ని చూపుతుంది. అది టసాడార్ కాదనీ, ఆ రూపం ధరించిన ఊరోస్ అనే ప్రాచీన జీవి అనీ 2015 నాటి చివరి భాగంలోగాని బయటపడదు. అప్పటికి జెరటూల్ బ్రతికి లేడు. ఊరోస్ సంకల్పం మంచిదే కావచ్చు, కాని ఆ యోధుడి విశ్వాసాన్ని గెలిచింది మరొకరి ముఖం. భగవానుడు మాత్రం ‘మాం తు వేద న కశ్చన’ అని తానే చెప్పేశాడు. అంతకు ముందు శ్లోకంలోనే తాను యోగమాయచే కప్పబడి ఉన్నానని కూడా అన్నాడు. తన తెర సంగతి తానే చెప్పే మాయావిని ఈ ఆటల కథల్లో నేను చూడలేదు.

అయినా 11వ అధ్యాయంలో భీష్మద్రోణులు ముందే హతులైనారని చూపి, ‘నిమిత్తమాత్రం భవ’ అన్నది ఆయనే కదా అన్న సందేహం నన్ను చాలాకాలం బాధించింది. 18వ అధ్యాయం 63వ శ్లోకం వరకు వచ్చిన తరువాతనే అది సడలింది. భవిష్యత్తునంతా చూపినవాడే అక్కడ ‘విమృశ్యైతదశేషేణ యథేచ్ఛసి తథా కురు’ అని, అంతా విచారించి నీకు తోచినట్లు చేయమని, నిర్ణయాన్ని అర్జునుని చేతిలో పెట్టాడు. ‘కరిష్యే వచనం తవ’, నీ మాట ప్రకారమే చేస్తాను, అన్న మాట అర్జునుని నోట వచ్చింది ఆ తరువాతనే.