పెరట్లో టర్ఫ్: నడిమిన అతుకు పడకూడదు

ఫిబ్రవరి 9, ఆదివారం

మా పెరట్లో కాంక్రీటు గచ్చు 50 అడుగుల పొడవు, 26 అడుగుల వెడల్పు. 1998లో నాన్న షటిల్ కోసం వేయించారు. తెనాలి చుట్టుపక్కల మా పొలాల్లాగే పెరడు కూడా నల్లరేగడి. వానలకు ఉబ్బుతుంది, ఎండలకు నెర్రెలిచ్చి కుంగుతుంది. పైనున్న గచ్చు దాంతోపాటే లేస్తూ దిగుతూ మూడుచోట్ల బీటలిచ్చింది. కొబ్బరిచెట్ల వైపు మూల అంగుళం పైకి లేచింది. ఇప్పుడు ఇంట్లో షటిల్ ఆడేవాళ్ళు లేరు, క్రికెట్ ఆడే పిల్లలు ముగ్గురున్నారు. టర్ఫ్ వేద్దామన్నాను.

"గడ్డి కావాలంటే గరిక పెంచుకోరా, ప్లాస్టిక్ గడ్డికి డబ్బులెందుకు?" అన్నారు నాన్న.

ఫిబ్రవరి 16

షాపాయన పోచలు 40 మిల్లీమీటర్ల పొడుగుండే టర్ఫే తీసుకోమన్నాడు, చూడ్డానికి ఒత్తుగా బాగుంటుందట. ముక్కలు అడిగి ఇంటికి తెచ్చాను. గోడమీద సుద్దతో అంగుళాలు గీసి, ఆరడుగుల ఎత్తునుంచి టెన్నిస్ బంతి వదిలాం. ఉత్త గచ్చుమీద మూడడుగులు దాటి లేచింది. 20 మిల్లీమీటర్ల ముక్కమీద రెండున్నర. 40 మీద రెండడుగులు కూడా లేవలేదు, చచ్చుబడిపోయింది. పొడుగు పోచలు ఫుట్‌బాల్‌కు పనికొస్తాయి, టెన్నిస్ బంతి క్రికెట్‌కు కాదు. 20 ఖాయం.

ఫిబ్రవరి 23

టర్ఫ్ అడుగున చిల్లులుంటాయి కదా, నీళ్ళు అవే పోతాయనుకున్నాను. చిల్లుల్లోంచి దిగిన నీళ్ళు మళ్ళీ గచ్చుమీదే నిలుస్తాయి, అక్కణ్ణించి పక్కకు జారాల్సిందే. నూటికి ఒకటి వాలు కావాలంటే 26 అడుగులకు మూడంగుళాల తేడా ఉండాలి. మేస్త్రి గారు నీటి గొట్టంతో మట్టం పట్టి చూస్తే ఒకటిన్నర తేలింది. పైపుతో గచ్చంతా తడిపి అరగంట ఆగాం. నాలుగుచోట్ల రూపాయి బిళ్ళ మునిగేంత నీళ్ళు నిలిచాయి. వాటి చుట్టూ సుద్దతో గీశాను.

"పైన ఏం వేసినా కింద గుంట గుంటే బాబూ," అన్నారు మేస్త్రి గారు.

బీటల్ని గ్రైండర్‌తో కొంచెం వెడల్పు చేసి, దుమ్ము ఊడ్చి, పాలిమర్ కలిపిన సిమెంటుతో పూడ్చారు. గుంటలకూ అదే. లేచిన మూలను పగలగొట్టి కొత్త కాంక్రీటు పోశారు. వారం రోజులు గోనెపట్టాలు కప్పి తడిపాను. పాకుడు పట్టినచోట బ్లీచింగ్ చల్లి గట్టి బ్రష్షుతో రుద్దడానికే ఒక పూట పట్టింది.

మార్చి 9

టర్ఫ్ చుట్ట వెడల్పు 2 మీటర్లు. మా 26 అడుగులంటే దాదాపు 8 మీటర్లు, కాబట్టి నాలుగు పట్టీలు పక్కపక్కన పరిస్తే చాలు. కాగితంమీద గీసి చూస్తే అప్పుడు బుర్రకెక్కింది: నాలుగూ వరసగా పరిస్తే నడిమి అతుకు సరిగ్గా మిడిల్ స్టంప్ లైన్లో పడుతుంది! బంతి అతుకుమీద పడితే ఎటు పోతుందో దేవుడికెరుక.

అందుకని ఒక పట్టీని నిలువునా చీల్చాను. నడుమ 2 మీటర్లది ఒకటి, దానికి అటూ ఇటూ 2 మీటర్లవి, అంచుల్లో ఒక్కో మీటరు ముక్క. మెటీరియల్ అంతే, అతుకులు మాత్రం మూడు కాస్తా నాలుగయ్యాయి. 15.5 మీటర్ల ముక్కలు నాలుగు, చదరపు అడుగు 48 రూపాయల చొప్పున 64 వేలు అయింది.

పరిచి ఒక రోజంతా ఎండలో వదిలేస్తే చుట్ట ముడతలు వాటంతటవే సాగాయి. కోత ఎప్పుడూ వెనకవైపు నుంచే, రెండు కుట్ల మధ్య. పైనుంచి కోస్తే పోచలు తెగుతాయి.

మార్చి 16

జిగురులో గట్టిపరిచే మందు కలిపాక అరగంటలో పని అయిపోవాలి, ఎండెక్కితే అంత టైం కూడా ఇవ్వదు. తెల్లవారుజామున ఐదున్నరకే మొదలుపెట్టాం. అతుకు కింద అడుగు వెడల్పు టేపు, దానిమీద జిగురు, రెండు అంచులూ దించి పోచలు మధ్యలో ఇరుక్కోకుండా వేళ్ళతో పైకి లాగుతూ పోవాలి. 50 అడుగులు మోకాళ్ళమీద. అతుకు పొడవునా ఇసుక బస్తాలు బరువు పెట్టాం.

సాయంత్రం ఎండ వాలాక చూస్తే పడమటి అంచు ముక్క ఒక్కటే వెలిసిపోయినట్టుంది! టర్ఫ్ పోచలు ఒకే వైపుకు వాలి ఉంటాయి. అరచేత్తో నిమిరితే ఒకవైపు నున్నగా, ఎదురుగా గుచ్చుకుంటున్నట్టు తెలుస్తుంది. ఆ ముక్కకు నేను కోసిన అంచు వంకరొచ్చిందని తిప్పి వేశాను, దాంతో వాలు తిరగబడింది. మర్నాడు ఊడబీకి, అంచు సరిచేసి, కొత్త టేపుతో మళ్ళీ అతికించాం. అన్ని ముక్కల వెనకా ముందే బాణం గుర్తు వేసుకుని ఉంటే ఈ చాకిరీ తప్పేది.

మార్చి 23

కొత్త కాంక్రీటు మూలకు 28 రోజులు నిండాయి, ఆ అంచుకూ జిగురు పెట్టేశాను. తర్వాత పోచల మధ్య నింపే సిలికా ఇసుక, 50 కిలోల బస్తాలు 15. చదరపు మీటరుకు ఆరు కిలోల లెక్క. మూడు విడతలుగా చల్లి, పోచలకు ఎదురుగా బ్రష్షు లాగాం. ఒక బస్తా చెమ్మగా ఉంది, ఇసుక కిందికి దిగకుండా ఉండలు కట్టింది. ఆరబెట్టి మర్నాడు చల్లాను.

ఏప్రిల్ 6

మధ్యాహ్నం ఒంటిగంటకు చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేయలేం. నీళ్ళు చల్లితే కాసేపు చల్లబడుతుంది, మళ్ళీ మామూలే. పొద్దున ఏడున్నర లోపు, సాయంత్రం ఐదు తర్వాతే ఆట. కొబ్బరి పీచు, పూత రోజూ ఊడ్చాలి, ఈనెల చీపురు చాలు. చుట్టూ నైలాన్ వల కట్టాక పక్కింటి పిన్నిగారి డాబామీదికి బంతులు వెళ్ళడం తగ్గింది.

నడిమి పట్టీమీద బంతి చక్కగా వస్తోంది. నిన్న నాన్న కుర్చీ వేసుకుని గంటసేపు చూశారు. లేచి వెళ్తూ, "గీతలేవిరా? గీతల్లేకుండా కోర్టేమిటి?" అన్నారు. షటిల్ గీత 40 మిల్లీమీటర్లు ఉండాలట. బయటి గీతలకు పచ్చ టర్ఫ్ కోసి తెల్ల పట్టీ పొదుగుతాను, అభ్యంతరం లేదు. కానీ సెంటర్ గీత? అది నెట్ వైపున్న షార్ట్ సర్వీస్ గీత నుంచి వెనక గీత దాకా నడిమి పట్టీమీదే పోతుంది. అతుకు తప్పించడానికి ఇంత తిప్పలు పడి మళ్ళీ అక్కడే కత్తి పెట్టాలా! పెయింటు వేద్దామన్నాను. పెయింటు వెలిసిపోతుంది, పట్టీయే కావాలని ఆయన. తెల్ల టర్ఫ్ చుట్ట వరండాలో ఉంది. పొద్దున్నుంచి నా కట్టరు కనిపించట్లేదు.