వాచీ చూడని ఎరుపు

గుండెదడకి ఒక చెడ్డ అలవాటుంది. ఆస్పత్రి గుమ్మం ఎక్కేసరికి మాయమైపోతుంది. నాకు ఎక్కువగా రాత్రిళ్లు వచ్చేది. ఎడమవైపు తిరిగి పడుకుంటే ఒడ్డున పడ్డ చేపలా లోపల ఏదో కొట్టుకునేది. ఒళ్లంతా చెమట పట్టేది, కాళ్లలో సత్తువ ఉండేది కాదు. ఒక్కోసారి అరగంటలో సర్దుకునేది, ఒక్కోసారి తెల్లారేదాకా సాగేది. తీరా డాక్టరు దగ్గర బల్ల మీద పడుకుంటే ఈసీజీ శుభ్రంగా వచ్చేది.

మామూలు ఈసీజీ చూసేది 10 సెకన్ల గుండెని. రోజుకి 86,400 సెకన్లు. మిగతా వాటి సంగతేమిటండీ అంటే, మొదట చూసిన డాక్టరుగారు నవ్వారు. "టెన్షన్ తగ్గించుకోండమ్మా, ఈ వయసులో ఇలాంటివి మామూలే" అని నిద్రమాత్ర రాశారు. థైరాయిడ్ చూశారు, బాగానే ఉంది. రోజంతా ఈసీజీ తీస్తూ ఉండే హోల్టర్ అనే యంత్రం పెట్టారు. అది ఒంటి మీదున్న 24 గంటలూ నా గుండె బడిపిల్లలా బుద్ధిగా ఉంది.

హోల్టర్ అన్నది ఒక మనిషి పేరు. అమెరికాలో మోంటానాకు చెందిన నార్మన్ హోల్టర్ 1940ల్లో తయారుచేసిన మొదటి యంత్రాన్ని వీపున మోసుకు తిరగాల్సి వచ్చేదట. బరువు సుమారు 38 కిలోలు. నాకు పెట్టింది అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది, దాన్ని మోయడానికేం కష్టం లేదు. కాకపోతే పెట్టిన రోజున దడ రావాలి కదా.

స్మార్ట్‌వాచీ మా అబ్బాయి ఇచ్చాడు, రోజూ ఎన్ని అడుగులు నడుస్తున్నానో చూసుకోమని. దాని వెనక ఆకుపచ్చ దీపాలు మిణుకుమిణుకుమంటాయి. రక్తం పచ్చటి వెలుతురుని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులో రక్తం పెరిగి, వెనక్కి తిరిగొచ్చే వెలుతురు తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గుల్ని బట్టి వాచీ నాడి లెక్కపెడుతుంది. ఒక రాత్రి అది "మీ గుండె లయ సక్రమంగా లేదు" అని చూపించింది. దడ అప్పటికే మొదలై ఉంది. లేచి కూర్చుని, రెండో చేతి వేలు వాచీ మీద ఆనించి 30 సెకన్లు కదలకుండా ఉన్నాను. అలా చేస్తే ఒక చేతి నుంచి రెండో చేతికి గుండె గీత పడుతుంది. మామూలు ఈసీజీలో పన్నెండు వైపుల నుంచి చూస్తారు, ఇది అందులో ఒక్క వైపే. అయినా చాలింది.

ఈసారి వెళ్లింది వేరే డాక్టరమ్మ దగ్గరికి. ఆమె వాచీ ఏమందో చదవనే లేదు. గీతని ప్రింటు తీయించారు. ఒక చిత్తుకాగితం అంచుని గీత పక్కన పెట్టి, వరసగా మూడు శిఖరాల దగ్గర పెన్సిల్‌తో చుక్కలు పెట్టారు. తర్వాత ఆ కాగితాన్ని పక్కకి జరిపారు. చుక్కలు తర్వాతి శిఖరాలతో కలవలేదు. ఇంకా జరిపారు, అక్కడా కలవలేదు. "చూశారా, ఏ రెండు దెబ్బల మధ్యా ఒకే దూరం లేదు. ప్రతి పెద్ద శిఖరం ముందూ ఒక చిన్న గుట్ట ఉండాలి, అదీ లేదు. ఎట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారమ్మా" అన్నారు.

గుండె పైగదులు ముడుచుకోవడం మాని వణుకుతాయట. అక్కడ, ముఖ్యంగా ఎడమ పైగదికి ఉండే చిన్న సంచిలో, రక్తం నిలవ ఉండి గడ్డకట్టొచ్చు. ఆ గడ్డ కదిలి మెదడుకి చేరితే పక్షవాతం. ఈ జబ్బు లేనివాళ్లతో పోలిస్తే ఆ ప్రమాదం దాదాపు 5 రెట్లు. నన్ను నిద్రపోనివ్వని దడ కంటే ఆవిడకి దీని గురించే ఎక్కువ దిగులు. వయసు అరవై అయిదు దాటింది, బీపీ ఉంది, ఇవన్నీ లెక్కేసి రక్తం గడ్డకట్టకుండా మాత్ర మొదలుపెట్టారు. దడ ఎంత తరచుగా వస్తోందో తెలియడానికి రెండు వారాలు ఛాతీ మీద, ఆపకుండా గుండె గీత తీసే ప్యాచ్ అతికించారు.

పచ్చదీపాల హెచ్చరిక ఒక్కటే ఉంటే మందు రాసేదాన్ని కాదని కూడా ఆవిడే చెప్పారు. ఆపిల్ వాచీ మీద అమెరికాలో జరిగిన పెద్ద పరిశీలన ఫలితాలు 2019లో అచ్చయ్యాయి. అందులో 4 లక్షల 19 వేల మందికి పైగా చేరారు. హెచ్చరిక వచ్చింది 2,161 మందికి, అంటే దాదాపు రెండు వందల మందిలో ఒకరికి. తర్వాత ప్యాచ్ వేసుకుని తిరిగి పంపినవాళ్లలో ఈ జబ్బు కనబడింది 34 శాతం మందిలో. మిగతావాళ్లవన్నీ తప్పుడు హెచ్చరికలని కాదు. ప్యాచ్ వచ్చేసరికి రోజులు గడిచాయి, ఈ దడేమో వచ్చిపోయే రకం. ప్యాచ్ ఒంటి మీదుండగా వచ్చిన హెచ్చరికల్లో మాత్రం 84 శాతం సరైనవే.

ఇది విని మావారు తనకీ ఒక వాచీ కొనుక్కుంటానన్నారు. డాక్టరమ్మ వద్దనలేదు గానీ, 2021లో వచ్చిన డెన్మార్క్ పరిశీలన సంగతి చెప్పారు. 70 దాటి, పక్షవాతం ముప్పున్న వాళ్లని 6,000 మందిని తీసుకుని, కొందరికి చర్మం కింద రికార్డరు పెట్టారట. వాళ్లలో 32 శాతం మందికి ఈ జబ్బు బయటపడింది, పెట్టనివాళ్లలో 12 శాతానికే. మందులూ ఎక్కువమందికి మొదలయ్యాయి. పక్షవాతాలు మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. "వెతికితే దొరుకుతుందండీ. దొరికిన ప్రతిదానికీ మందు పనిచేస్తుందని లేదు" అన్నారు. ఆయన ముఖం చూడాలి అప్పుడు.

మందులతో దడ తగ్గకపోవడంతో ఎబ్లేషన్ చేశారు. తొడ మొదట్లో ఉండే సిర గుండా సన్నటి తీగలు గుండెలోకి పంపి, ఊపిరితిత్తుల నుంచి రక్తం తెచ్చే సిరలు గుండెని కలిసేచోట చుట్టూ కాలుస్తారు. ఈ దడకి నిప్పురవ్వ ఎక్కువగా ఆ సిరల్లోనే పుడుతుందని 1998లో ఫ్రాన్స్ డాక్టర్లు చూపించారు. దాని గురించి నేను చెప్పగలిగింది తక్కువ, మత్తులో ఉన్నాను. తర్వాత గంటల తరబడి కాలు మడవకుండా వెల్లకిలా పడుకోవడమూ, తొడ మీద అరచేయంత నల్లగా కమిలిన మచ్చా బాగా గుర్తున్నాయి. మొదటి మూడు నెలల్లో దడ మళ్లీ వచ్చినా కంగారు పడొద్దు, కాలిన చోటు మానుతోందని అర్థం అని చెప్పి పంపారు.

ఇంటికొచ్చాక నా గీతలన్నీ ఆస్పత్రి యాప్‌లోకి వెళ్లేవి. ఎవరో అవతల కూర్చుని కనిపెట్టుకుని ఉంటారనుకుంటాం కదా. ఒక శనివారం రాత్రి దడ వచ్చి పంపిన గీతని సోమవారం మధ్యాహ్నం తెరిచారు. యాప్ అడుగున చిన్న అక్షరాల్లో "ఇది అత్యవసర సేవ కాదు" అని రాసే ఉంది. పరికరం తెల్లవార్లూ మేలుకునే ఉంటుంది, దాన్ని చూడాల్సిన మనిషికి డ్యూటీ వేళలుంటాయి. దూరం నుంచి వైద్యం అనేవాళ్లు ఈ ముక్క కూడా ముందే చెప్తే బాగుంటుంది.

అసలు కథ ఆ తర్వాత. దడ పోయింది, గీతలు శుభ్రంగా వస్తున్నాయి, కానీ మెట్లెక్కితే ఆయాసం. మొదట్లో ఆపరేషన్ నీరసం అనుకున్నారు అందరూ. రానురాను తల దువ్వుకుంటే చేతులు లాగేవి. ఫోన్లో మాట్లాడిన డ్యూటీ డాక్టరు యాప్ తెరిచి చూసి, "లయ మామూలుగా ఉంది, ఆక్సిజన్ 97 ఉంది, మీకేం లేదమ్మా" అన్నారు. మళ్లీ అదే మాట! వెనకటికి కాగితంలో లేదు కాబట్టి నా దడ అబద్ధమైంది, ఇప్పుడు తెరమీద లేదు కాబట్టి ఆయాసం అబద్ధమైంది.

కనిపెట్టింది నర్సు. బీపీ చూస్తూ చూస్తూ ఆగి, బొటనవేలితో నా కింది రెప్పని కిందికి లాగింది. లోపల ఎర్రగా ఉండాల్సింది తెల్లగా పాలిపోయి ఉందట. "మలం నల్లగా వస్తోందామ్మా?" అని అడిగింది. వస్తోంది. ఆ సంగతి ఏ యాప్‌లోనూ నింపే గడి లేదు. పరీక్ష చేస్తే హీమోగ్లోబిన్ 7.8. కడుపులో చిన్న పుండు, గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర వల్ల దాన్నుంచి లోలోపల రక్తం కారుతోంది.

మరి ఆక్సిజన్ 97 ఎలా చూపించింది అంటే డాక్టరమ్మ వివరించారు. ఆ అంకె ఉన్న హీమోగ్లోబిన్‌లో ఎంత వంతు ఆక్సిజన్ నింపుకుందో చెప్తుంది, అసలు హీమోగ్లోబిన్ ఎంత ఉందో చెప్పదు. సగానికి పడిపోయినా, ఆ సగం నిండుగా ఉంటే 97 అనే అంటుంది. (చర్మం నల్లగా ఉన్నవాళ్లకి ఆ అంకె అసలు కంటే ఎక్కువ చూపే అవకాశం ఉందని 2020లో అమెరికా పరిశీలన ఒకటి చూపించింది. మనలో చాలామంది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.)

మాత్ర కొన్నాళ్లు ఆపి, పుండు మానాక మళ్లీ మొదలుపెట్టారు. గీతలు బాగున్నాయి కదా, ఇక మానేయొచ్చా అని అడిగాను. కుదరదన్నారు. దడ తెలియకుండా కూడా రావచ్చు, పైగా గడ్డకట్టే ముప్పు లెక్కలో వయసూ బీపీ అలాగే ఉన్నాయి. ఐరన్ మాత్రలతో హీమోగ్లోబిన్ నెమ్మదిగా 11 దాటింది. మెట్లు ఎక్కుతున్నాను, మధ్యలో ఆగడం లేదు. వాచీలో గీత పొద్దున ఒకసారి, ఒంట్లో తేడాగా అనిపిస్తే మరోసారి తీస్తాను, అంతే. ఊరికే వచ్చే హెచ్చరికలు కొన్ని డాక్టరమ్మే ఆపించారు.

మావారు వాచీ కొనుక్కోలేదు. దానికి బదులు రోజూ కిటికీ దగ్గర నిలబెట్టి నా కింది రెప్ప లాగి చూస్తారు. ఏం తెలుస్తోంది మీకు అంటే, "ఎర్రగానే ఉంది, నిన్నటికన్నా కాస్త ఎక్కువే" అంటారు. నేను నమ్మను. నెలకోసారి రక్తపరీక్ష ఎలాగూ ఉంది.