ఏడో రోజు నలుగురి ముందు

పది రోజుల విపశ్యన (బౌద్ధ ధ్యాన పద్ధతి) శిబిరం నుంచి వచ్చి ఇవాళ్టికి ఆరు రోజులు. అప్లికేషన్, ఫోన్ అప్పగించడం, తెల్లవారుజామున 4 గంటలకే లేవడం ఏవీ కష్టమనిపించలేదు. మౌనమైతే హాయిగానే ఉంది. మొదట మూడు రోజుల పైన శ్వాసనే గమనించాం. నాలుగో రోజు నుంచి తల మొదలు పాదాల దాకా ఒంట్లో కలిగే సంవేదనలను చూస్తూ, రోజుకు మూడుసార్లు గంటసేపు కదలకుండా కూర్చోవాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పంతానికి పోకుండా మొదటి రోజే కుర్చీ అడగండి.

నన్ను కుదిపేసింది ఏడో రోజు.

తొమ్మిదేళ్లుగా నేను సోహం జపం చేస్తున్నాను. ఊపిరి తీస్తే 'సో', వదిలితే 'హం'. ఇప్పుడది నా ప్రయత్నం లేకుండానే నడుస్తుంది. ఆ ఉదయం ఆచార్యులవారు ఐదుగురిని ముందుకు పిలిచి, ఒళ్లంతా సంవేదనలు తెలుస్తున్నాయా అని వరసగా అడిగారు. నలుగురూ తెలుస్తున్నాయన్నారు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. "జపం దానంతట అదే వస్తోందండీ. ఆపలేకపోతున్నాను."

ఆయన గొంతు పెంచారు. "రెండు పడవల మీద కాళ్లు పెడితే ఏ ఒడ్డుకూ చేరరమ్మా. ముక్తికి ఈ పద్ధతి ఒక్కటే దారి. తొమ్మిదేళ్లు వృథా చేసుకున్నారు."

వెనక హాలంతా వింటోంది. తల ఎత్తలేకపోయాను. మౌనం కాబట్టి ఎవరితోనూ చెప్పుకోలేను, బయటికి ఏడవలేను. చిన్నప్పుడు క్లాసులో నిలబెట్టినప్పుడు కూడా అంత చిన్నతనం అనిపించలేదు. భోజనం దగ్గర ఎవరూ నావైపు చూడలేదు. అది కూడా నియమమే, కానీ నాకు మాత్రం వెలివేసినట్టే అనిపించింది.

మధ్యాహ్నం మళ్లీ కూర్చున్నాను. గుండెల్లో మంట, గొంతులో ముద్ద, చెవులు కాలిపోతున్నాయి. ఆ మాటలను వదిలేసి మంటనే చూశాను. చాలాసేపు పెరిగింది, తర్వాత అదే పలచబడింది. అవమానం ఒంట్లో ఎక్కడెక్కడ ఉంటుందో అప్పుడే తెలిసింది. ఆ గంటలోనే కాదు, ఆ తర్వాత ఏ గంటలోనూ నేను కదల్లేదు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను.

పద్ధతి గొప్పది. ఆ పది రోజులూ వేరేది కలపవద్దనడమూ సబబే, కలిపితే దేని ఫలితం ఏదో తెలియదు. "ఒక్కటే దారి" అన్నది మాత్రం ఒప్పుకోను. చెదరకుండా కూర్చునే బలం నాకు ఆ తొమ్మిదేళ్ల జపం ఇచ్చిందే. ఈ ధ్యానం గురించి బుద్ధుడు చెప్పిన బోధ సతిపట్ఠాన సుత్తం. దానిలోని 'ఏకాయన' అనే మాటకు కొందరు ఏకైక మార్గమని, కొందరు నేరుగా వెళ్లే మార్గమని అర్థం చెబుతారు. అందులోనే శరీరం, వేదన (సుఖదుఃఖాల అనుభూతి), చిత్తం, ధర్మాలు (మనసులో మెదిలే విషయాలు) అని గమనించాల్సినవి నాలుగున్నాయి. బుద్ధుడు కూడా మొదట తన గురువులైన ఆళార కాలాముడి దగ్గర, ఉద్దక రామపుత్రుడి దగ్గర లోతైన సమాధి స్థితులను అందుకుని, అవి చాలవని ముందుకు వెళ్లాడు. తర్వాత ఆయన చెప్పిన మార్గంలోని ఎనిమిది అంగాల్లో మాట, నడత, బతుకుతెరువు కూడా ఉన్నాయి. యోగసూత్రాల్లో పతంజలి ఒకచోట విఘ్నాలు పోవడానికి ఒకే తత్వాన్ని పట్టుకోమంటాడు, కొద్ది సూత్రాల తర్వాత ఎవరికి ఇష్టమైనదాన్ని వాళ్లు ధ్యానించినా మనసు నిలుస్తుందంటాడు. ఆయన అష్టాంగాల్లో ధ్యానం ఏడోది, అహింస, సత్యం ఉన్న యమం మొదటిది.

మీకూ పాత సాధన ఉంటే అందరి ముందు చెప్పకండి, విడిగా సమయం అడిగి చెప్పండి. మీ ఏళ్లను వృథా అనే హక్కు ఎవరికీ ఇవ్వకండి.

ఇంటికొచ్చిన మూడో రోజే మా చెల్లితో ఫోన్‌లో పాత ఆస్తి గొడవ లేచి, నోటికొచ్చినట్టు అరిచాను. శిబిరంలో అంత మంటను చూసినదాన్ని ఆ క్షణంలో ఏమీ చూడలేకపోయాను. ఇప్పుడు పొద్దున కాసేపు జపం, తర్వాత గంట విపశ్యన చేస్తున్నాను. చెల్లికి నిన్న ఫోన్ చేశాను, ఎత్తలేదు. సాయంత్రం మళ్లీ చేస్తాను.